కరెంటు పోతే ఆట కూడా పోవాలా? వీడియో గేముల కంపెనీలకు నెల్లూరు, ఒంగోలు నుంచి బహిరంగ లేఖ

వీడియో గేములు తయారుచేసే, అమ్మే కంపెనీల పెద్దలకు, వాటిలో పనిచేసే డిజైనర్లకు, ఇంజనీర్లకు,

నమస్కారం. నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్లలో గేమింగ్ సెంటర్లు నడిపేవాళ్లం, వాటిలోని సిస్టములకు సర్వీసు చేసేవాళ్లం, ఫోన్లోనో పీసీలోనో రోజూ ఆడేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. పాత ఆటలు గొప్పవా, కొత్తవి గొప్పవా అన్న తగువు మాకూ ఉంది, అది టీకొట్టు దగ్గర మేమే తేల్చుకుంటాం. మీ ఆటలు బాగుంటున్నాయి. బాగుండబట్టే కొంటున్నాం. మా గొడవంతా ఆట చుట్టూ మీరు కట్టిన దడి గురించి: డౌన్‌లోడ్, అప్‌డేట్, లాగిన్, సర్వర్, స్టోర్. కరెంటు ఎప్పుడూ పోని, నెట్ ఎప్పుడూ తెగని, కంపెనీ ఎన్నటికీ మూతపడని ఊరొకటి ఉందనుకుని ఆ దడి కట్టారు. అట్లాంటి ఊరు మా జిల్లాల్లో లేదు. మీ దగ్గర కూడా లేదని 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఒక రోజు పాటు పడిపోయినప్పుడు అందరికీ తెలిసింది.

ముందు అప్‌డేట్ల సంగతి చూద్దాం. పది సిస్టములున్న సెంటర్, 50 ఎంబీపీఎస్ లైను అనుకోండి. మీరు 40 జీబీ అప్‌డేట్ వదిలారు. పది సిస్టములూ విడివిడిగా లాగితే 400 జీబీ. లైను ఎక్కడా తగ్గకుండా నిండు వేగంతో వచ్చినా దాదాపు 18 గంటలు పడుతుంది. అదే ఒక సిస్టములోకి తెచ్చుకుని మిగతా తొమ్మిదింటికి లోపల్లోపలే పంచుకుంటే, డౌన్‌లోడుకు గంటా నలభై ఏడు నిమిషాలు, ఆపైన గిగాబిట్ స్విచ్ మీద ఒక్కో కాపీకి ఆరు నిమిషాలు. పీసీ ఆటలు అమ్మే స్టోర్ స్టీమ్ ఈ సౌకర్యాన్ని 2023లోనే ఇచ్చింది. ఒకే గదిలో ఉన్న పక్క సిస్టములో ఆట ఉంటే అక్కడినుంచే తెచ్చుకుంటుంది. మీలో చాలామంది లాంచర్లకు, అంటే ఆటను దించి తెరిచే ప్రోగ్రాములకు, ఇప్పటికీ ఆ తెలివి లేదు.

లేనిచోట మావాళ్లు ఏం చేస్తున్నారో చెబుతాం. ఒక సిస్టములో ఆట మొత్తం దించి ఫోల్డరును పోర్టబుల్ ఎస్ఎస్‌డీలోకి తీసుకుంటారు. రెండో సిస్టములో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఒకటి రెండు శాతం రాగానే ఆపి, లాంచర్‌ను టాస్క్ మేనేజర్ దాకా వెళ్లి పూర్తిగా మూసేస్తారు. కొత్తగా పుట్టిన ఫోల్డరులోకి ఆట ఫైళ్లను పోసి, లాంచర్ తెరిచి ‘కొనసాగించు’ నొక్కుతారు. అది ఫైళ్లు సరిచూసుకుని, ఉన్నవాటిని వదిలేసి లేనివాటినే దించుతుంది. లాంచర్ వెనకాల నడుస్తుండగా పోస్తే సగం ఫైళ్లను అది పట్టుకునే ఉంటుంది, కాపీ మధ్యలో ఆగిపోతుంది. కొన్ని లాంచర్లు దాచిన ఫోల్డరులో పెట్టుకునే లెక్కల ఫైలు మీద కూడా పాతది పోస్తే తికమకపడి మొత్తం 40 జీబీ మళ్లీ మొదలుపెడతాయి. ఇదంతా దొంగతనంగా చేసే పని కాదు. డబ్బు కట్టి కొన్న ఆటను పక్క టేబుల్ మీదికి జరపడం, అంతే.

పాత పీసీ ఒకదాన్ని కాష్ సర్వరుగా పెట్టుకోవడం ఇంకో దారి. 1 టీబీ డిస్కు, లైనక్స్, లోపలి డీఎన్ఎస్‌ను (సర్వర్ పేరుకు చిరునామా చెప్పే ఏర్పాటును) దానివైపు తిప్పడం చాలు. మొదటి సిస్టము అడిగిన ముక్కను అది దాచుకుని మిగతావాటికి తనే ఇస్తుంది. ఇది మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చే ఫైళ్లకే పనిచేస్తుంది. మీరు ఆట ఫైళ్లను హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే గుట్టుగా తాళం వేసి, పంపితే మధ్యలో ఉన్న కాష్ వాటిని చదవలేదు. లాగిన్, పేమెంటు గుట్టుగా పోవాల్సిందే. కాని చెట్టు బొమ్మ, తుపాకీ శబ్దం ఎవరికి రహస్యం? వాటి మ్యానిఫెస్టు (ఫైళ్ల జాబితా) మీద మీ డిజిటల్ సంతకం ఉండి, ఒక్కో ముక్కకు హాష్ (వేలిముద్ర లాంటి అంకె) సరిచూస్తే దారిలో ఎవరూ మార్చలేరు. ఆ పద్ధతి పెట్టండి, మా దగ్గర కాష్ మేం చూసుకుంటాం.

ఇక అసలు అప్‌డేట్ అంత పెద్దది ఎందుకవుతుంది? ఇది మీ ఇంజనీర్లకు తెలియని విద్య కాదు, అయినా చెప్పుకుంటాం. స్టీమ్ పద్ధతిలో ఫైలును సుమారు 1 ఎంబీ ముక్కలుగా కోసి, మారిన ముక్కలనే పంపుతారు. మీరు ఆట మొత్తాన్ని 30 జీబీ గంప ఫైలు ఒకదానిలో కుక్కి, మధ్యలో ఒక కొత్త చొక్కా దూర్చారనుకోండి, దాని వెనకున్న సరుకంతా పక్కకు జరుగుతుంది. జరిగితే ప్రతి ముక్కా కొత్త ముక్కే. ఒక చొక్కా కోసం 15 జీబీ దిగుతుంది. అంతటితో పోదు. పాత గంప పక్కనే కొత్త గంపను పూర్తిగా రాసి, ఆ తర్వాతే పాతది తీసేస్తారు కాబట్టి డిస్కులో ఇంకో 30 జీబీ ఖాళీ కావాలి. 256 జీబీ ఎస్ఎస్‌డీలో ఆ ఖాళీ ఎక్కడిది? ఒక్క రొయ్య కోసం గుంటంతా ఎండగట్టినట్టుంది ఈ వ్యవహారం. గంపలను 1, 2 జీబీలకు మించకుండా ఉంచడం, లోపలి వరస కలపకుండా ఉంచడం, కొత్త సరుకును చివర్లోనో కొత్త గంపలోనో పెట్టడం అనే మూడు అలవాట్లూ స్టీమ్ వాళ్లు డెవలపర్లకు ఇచ్చే సూచనల్లో ఉన్నవే.

సైజు తగ్గించడం కుదరదనే మాట ఇక మా దగ్గర చెల్లదు. హెల్‌డైవర్స్ 2 పీసీ ఆట 154 జీబీ ఉండేది, 2025 డిసెంబరుకు 23 జీబీ అయింది. బొమ్మల నాణ్యత తగ్గించలేదు. హార్డ్ డిస్కులో ముల్లు అటూ ఇటూ తిరగకుండా ఉండాలని ఒకే ఫైలుకు చాలా చోట్ల నకళ్లు పెట్టారు, ఆ నకళ్లు తీసేశారు. నకళ్లు లేకపోతే లోడింగు బాగా మందగిస్తుందని ముందు భయపడ్డారు, తీరా కొలిచి చూస్తే తేడా కొన్ని సెకన్లే. ఎందుకంటే లోడింగులో ఎక్కువ సమయం తినేది మ్యాపును తయారుచేసే లెక్క, డిస్కు కాదు. కొలవకుండా వేసిన అంచనా ఎందరి డిస్కుల్లో 131 జీబీ కూర్చుందో చూడండి. ఫోర్ట్‌నైట్ కూడా 2020లో పీసీ మీద 60 జీబీకి పైగా తగ్గింది.

భాషల గొంతులు వేరు ప్యాకులుగా ఇవ్వండి. ఒక్క భాషలో ఆడేవాడి డిస్కులో ఎనిమిది భాషల ఆడియో ఎందుకు?

ఇప్పుడు కరెంటు. ఎండాకాలంలో లోడు ఎక్కువై పోతుంది, వానాకాలంలో గాలికి పోతుంది, తుపాను పట్టిందంటే రోజుల తరబడి ఉండదు. బంగాళాఖాతం పక్కన ఉంటున్నాం, కొత్తేమీ కాదు. సెంటర్లన్నిటికీ ఇన్వర్టర్ ఉంటుంది. అయితే అందులో ఒక మెలిక ఉంది. పీసీలోని పవర్ సప్లై కరెంటు లేకుండా నిండు లోడు మీద తట్టుకునేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్ ‘యూపీఎస్’ మోడులో ఉంటే మార్పు 10, 20 మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఎక్కువసార్లు సిస్టము నిలుస్తుంది. మామూలు మోడులో ఉంటే ఫ్యాను ఆగదు, లైటు ఆరదు, పీసీ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ‘ఇన్వర్టర్ ఉంది కదా, ఎట్లా ఆరిపోయింది’ అనేవాళ్లకు చాలాసార్లు జవాబు ఆ చిన్న స్విచ్చే.

పీసీని నిలబెట్టినా నెట్ నిలబడుతుందన్న నమ్మకం లేదు. ఇంట్లో రౌటర్‌కు, ఓఎన్‌టీకి (ఫైబర్ లైను వచ్చి చేరే పెట్టెకు) 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కాని వీధి చివర స్తంభానికున్న కేబుల్ ఆపరేటర్ పెట్టెలో బ్యాటరీ అయిపోతే అందరిదీ ఒకేసారి పోతుంది. కరెంటు వచ్చాక ఓఎన్‌టీ ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు నిలవడానికి 2, 3 నిమిషాలు, పీసీ లేవడానికి ఒక నిమిషం, లాంచర్ తనను తాను అప్‌డేట్ చేసుకోవడానికి ఇంకో నిమిషం, ఆపైన ఆట లోడింగు. ఆరు నిమిషాలు అనుకోండి. మీ ర్యాంక్డ్ మ్యాచ్‌లో తిరిగి రావడానికి ఇచ్చే గడువు మూడు నిమిషాలైతే అది ఇవ్వనట్టే. డోటా 2లో 5 నిమిషాలు ఇస్తారు, పైగా ఆటను పాజ్ చేయొచ్చు. అది కూడా బొటాబొటే, కానీ కనీసం మనిషి వైపు నుంచి ఆలోచించారు.

గడువు దాటితే పాయింట్లు కోసి, పది నిమిషాలో రోజో ఆట నుంచి బయట కూర్చోబెడతారు. మధ్యలో వదిలేసి పోయేవాళ్ల వల్ల మిగతా నలుగురి ఆట పాడవుతుందని మాకూ తెలుసు, శిక్ష వద్దనడం లేదు. అలిగి పోయినవాడికీ, కరెంటు పోయినవాడికీ తేడా పట్టండి అంటున్నాం. ఆ తేడా మీ సర్వర్ లాగుల్లోనే ఉంది. అలిగినవాడు మెనూ తెరిచి ‘బయటికి’ నొక్కుతాడు, లేదా ప్రోగ్రామును మూస్తాడు, రెండిటికీ సర్వరుకు కబురు వస్తుంది. కరెంటు పోయినవాడి దగ్గరినుంచి ప్యాకెట్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి, వీడ్కోలు ఉండదు. వైరు పీకి మోసం చేసేవాళ్లూ ఉంటారు, కాదనం. అందుకే రెండో గుర్తు కూడా చూడండి: అదే ఇంటర్నెట్ కంపెనీ, అదే ఐపీ వరస నుంచి ఆడుతున్న ఇంకొందరు వేరే మ్యాచుల్లో అదే పది సెకన్లలో పడిపోయారా? పడిపోతే అది ఏరియా మొత్తానికి పోయిన కరెంటు. ఆ మ్యాచుకు శిక్ష ఎత్తేయండి. నెలకు ఇన్నిసార్లు అని హద్దు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఒక్కరే ఆడుకునే ఆటల దగ్గరికొస్తే బాధ ఇంకో రకం. కరెంటు సరిగ్గా సేవ్ అవుతుండగా పోతుంది. అట్లా పోయేది ఎందుకో గాని ముప్పై గంటలు ఆడిన ఆటలోనే. ఉన్న సేవ్ ఫైలునే తెరిచి దాని మీద రాయడం మొదలుపెడితే, సగంలో కరెంటు పోగానే పాతదీ పోయింది, కొత్తదీ రాలేదు. దీనికి మందు పాతకాలం నుంచే ఉంది. కొత్త సేవ్‌ను వేరే పేరుతో తాత్కాలిక ఫైలులో రాయాలి, డిస్కు మీదికి నిజంగా చేరేదాకా ఆగాలి, చదివి హాష్ సరిచూసుకోవాలి, అప్పుడు పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి. వెనకటి మూడు కాపీలు ఉంచాలి. సేవ్ ఫైలు కొన్ని ఎంబీలు ఉంటుందేమో, 150 జీబీ ఆటకు ఆ పాటి చోటు లేదా? ఇంకొకటి: క్లౌడ్‌లో ఉన్న సేవ్‌కూ డిస్కులో ఉన్నదానికీ తేడా వచ్చినప్పుడు ‘ఏది కావాలి’ అని తేదీలు మాత్రమే చూపకండి. గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయిన పీసీలో తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది, ఆటగాడు తేదీ చూసి మంచిదాన్ని చెరిపేసుకుంటాడు. ఎన్ని గంటలు ఆడినది, ఏ చోట ఆగినది కూడా చూపండి.

ఎక్కడ కావాలంటే అక్కడ పాజ్ చేసే వీలు కూడా అడగాల్సి రావడం విచిత్రమే. ఒంటరి ఆటలో పాజ్ ఎందుకుండదు?

నెట్ లేకపోతే ఒంటరి ఆట కూడా తెరుచుకోకపోవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్టు, పీసీ ఉంది, డిస్కులో ఆట ఉంది, డబ్బు కట్టాం, లాగిన్ సర్వర్ మాత్రం ఒప్పుకోదు. 2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 అనే కార్ల ఆట సర్వర్లు 30 గంటలకు పైగా ఆగితే, ఒంటరిగా కారు తోలుకునేవాళ్లు కూడా ఆగాల్సి వచ్చింది. పీఎస్5 పెద్ద ఆటల ధర మన దగ్గర వేల రూపాయలు. ఆ డబ్బు పెట్టినవాడికి కనీసం 30 రోజులు చెల్లే ఆఫ్‌లైన్ టోకెన్, అంటే నెట్ లేకుండా ఆడుకునే అనుమతి, ఇవ్వండి. గడువు ఎప్పుడు తీరుతుందో మెయిన్ మెనూలోనే చూపండి, తుపాను హెచ్చరిక రాగానే ఒకసారి లాగిన్ అయి ఉంచుకుంటాం.

మోసగాళ్లను పట్టే పేరుతో విండోస్ కెర్నల్‌లోకి (విండోస్ గుండెకాయ లాంటి భాగంలోకి) దూరే సాఫ్ట్‌వేర్లు, సెక్యూర్ బూట్ (పీసీ లేచేటప్పుడు సంతకమున్న సాఫ్ట్‌వేర్‌నే ఒప్పుకునే ఏర్పాటు) తప్పనిసరి అనే నిబంధనలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే పని కాకుండా చూసుకోండి. 2024 జూలై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కెర్నల్‌లో చేసిన చిన్న తప్పుతో 85 లక్షల విండోస్ సిస్టములు నీలం తెర చూపించాయి. పాత సెంటర్లలో డిస్కులు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటాయి. ముందు విండోస్‌తో వచ్చే టూల్‌తో డిస్కును జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే వీలు) ఆపి, సెక్యూర్ బూట్ వేయాలి. వరస తప్పి సీఎస్ఎం ముందు ఆపితే సిస్టము లేవదు. డిస్కులో ఇప్పటికే నాలుగు ప్రైమరీ పార్టిషన్లుంటే మార్పు అసలు జరగదు. మీ ఎర్రర్ బాక్సులో ‘సెక్యూర్ బూట్ లేదు’ అనే మూడు ముక్కలకు బదులు ఈ నాలుగు వాక్యాలు రాస్తే ఎంతమందికి విండోస్ మళ్లీ ఎక్కించే తిప్పలు తప్పుతాయో.

కరెంటూ నెట్టూ మళ్లీ వస్తాయి. కంపెనీ సర్వర్ పోతే తిరిగి రాదు. ద క్రూ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. 2023 డిసెంబరులో అమ్మకం ఆపి, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా తోలుకునే భాగం కూడా దాంతోనే పోయింది. డిస్కు కొన్నవాడి చేతిలో మిగిలింది ప్లాస్టిక్ బిళ్ల. యూరప్‌లో ఆటగాళ్లు దీనిమీదే సంతకాలు మొదలుపెట్టి 2025 జూలై నాటికి పది లక్షలు దాటించారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ‘కొనండి’ అనే బటన్ పెట్టాలంటే, అమ్ముతున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలనే చట్టం వచ్చింది. కాంకర్డ్ ఆట 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6న మూతపడింది, రెండు వారాలు. డబ్బు తిరిగిచ్చారు కాబట్టి దానిమీద మాకు పేచీ లేదు.

ఎప్పటికీ సర్వర్ నడపమని మేం అడగడం లేదు, అది ఎవరివల్లా కాదు. మూసేటప్పుడు తాళం చెవి మాకిచ్చి పొండి అంటున్నాం. నాకౌట్ సిటీ వాళ్లు 2023లో మూసేటప్పుడు సొంత సర్వర్ పెట్టుకుని ఆడే విండోస్ వెర్షన్‌ను వదిలి వెళ్లారు. కౌంటర్ స్ట్రైక్ 1.6 ఈరోజుకూ సెంటర్లలో నడుస్తోందంటే కారణం అదే: ఒక సిస్టములో సర్వర్ తెరిచి, 27015 పోర్టు వదిలి, మిగతా తొమ్మిదింటిలో ఆ ఐపీ కొడితే చాలు. నెట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆట మొదలుపెట్టిన రోజే సర్వర్ ప్రోగ్రామును వేరుగా, చిన్న సిస్టములో కూడా నడిచేటట్టు రాసుకుంటే చివర్లో ఇవ్వడం తేలిక. పదేళ్ల తర్వాత విడదీయబోతే కష్టమే, ఒప్పుకుంటాం. అందుకే ఇప్పుడు అడుగుతున్నాం.

డబ్బు సంగతికి వద్దాం. రూపాయలు పెట్టి ఆడే పందెపు ఆటలను 2025లో కేంద్రం తెచ్చిన చట్టం ఆపింది, అది వేరే కథ. పిల్లలు ఆడే మామూలు ఆటల్లో, లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే లక్కీ బాక్సుల లెక్క ఇక్కడ చెప్పాలి. ‘1 శాతం అవకాశం’ అని మీరు సన్న అక్షరాలతో రాస్తారు. చదివినవాడు వంద తీస్తే ఒకటి ఖాయం అనుకుంటాడు. కాదు. ప్రతిసారీ రాకపోయే అవకాశం 99 శాతం. దాన్ని వందసార్లు గుణిస్తే 36.6 శాతం. అంటే వందమంది తలా వంద బాక్సులు తెరిస్తే 37 మంది ఉత్త చేతులతో పోతారు. సగం అవకాశం రావడానికే 69 బాక్సులు, 90 శాతం అవకాశానికి 230. బాక్సు 50 రూపాయలైతే 3,450 ఒకటి, 11,500 ఇంకొకటి. ఆ రెండో అంకెను బటన్ పక్కన పెద్దక్షరాలతో రాయగలరా? ఇన్ని తీశాక తప్పకుండా ఇస్తాం అనే హామీ ఉంటే, దానికయ్యే మొత్తాన్ని రూపాయల్లో చూపండి.

రూపాయల్లో అని ఎందుకంటున్నామంటే, నాణేల లెక్క కావాలనే కుదరకుండా పెడతారు. వస్తువు ధర 450 నాణేలు, ప్యాకులు మాత్రం 100, 310, 520. 450కి సరిపోయే ప్యాకుల కలయిక లేదు. 520 కొంటే 70 మిగులుతాయి, ఆ 70తో ఏమీ రాదు, పారేయబుద్ధీ కాదు. మళ్లీ కొనేది అందుకే. కిరాణా కొట్లో చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడం చూశాం గాని, డెబ్బై రూపాయల చాక్లెట్లు ఎవరూ పెట్టలేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపు డిజైన్లు 13 రకాలని పేర్లు పెట్టారు. సున్నాకొచ్చి మళ్లీ 24 గంటల నుంచి మొదలయ్యే ‘చివరి అవకాశం’ గడియారం అందులో మొదటిది, లేని తొందర పుట్టించడం. వద్దన్నా ప్రతి మ్యాచు తర్వాత లేచే ఆఫరు ఇంకొకటి, విసిగించడం. అమ్మానాన్నలకు ఒక మాట: ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేటట్టు పెట్టండి, ఖాతాలో బ్యాలెన్సు ఉండి ఆ ధ్రువీకరణ ఆపి ఉంటే వేలు తగిలితే చాలు, కొనుగోలు అయిపోతుంది. తేడా వస్తే 1915కు ఫోన్ చేయొచ్చు, నెల్లూరులో, ఒంగోలులో వినియోగదారుల కమిషన్లున్నాయి.

రిఫండ్ గురించి క్లుప్తంగా. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల్లోపు ఆడినదైతే డబ్బు తిరిగొస్తుంది. పాత నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద కొన్ని ఆటలు మొదటిసారి షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసుకోవడానికే అరగంట, గంట తింటాయి, ఆట తెరిచే ఉంటుంది కాబట్టి అదీ ఆడినట్టే లెక్క. షేడర్ల పని డౌన్‌లోడ్ పూర్తవగానే లాంచరులోనే చేయండి.

తెలుగు. మీ ఆటల్లో తెలుగు పెట్టమని అడిగితే ‘మార్కెట్ చూస్తాం’ అంటారు, సరే. పేరు రాసుకునే పెట్టెనైనా బాగుచేయండి. 12 అక్షరాల హద్దు పెట్టారు. ‘వెంకటేశ్వర్లు’ అని కొడితే ఎక్కువైందంటుంది. మాకది అయిదక్షరాలు: వెం, క, టే, శ్వ, ర్లు. మీ ప్రోగ్రామ్ యూనికోడ్ ముక్కలు లెక్కపెట్టి 13 అంటోంది. బైట్లలో కొలిచే ఆటైతే 39. ఇంకొన్ని ఆటల్లో ‘అక్షరాలు మాత్రమే’ అనే నిబంధన గుణింతాలను అక్షరాలుగా ఒప్పుకోదు, ఎందుకంటే యూనికోడ్‌లో అవి వేరే జాతి. ‘రవి’ అని రాస్తే గుడి చెల్లదంటుంది. గుడి లేకుండా రవి ఎట్లా అవుతాడు? అంతా దాటి పేరు తెరమీదికొస్తే ‘స్త్రీ’ లాంటి మాట ఒత్తులు విడిపోయి సామాన్లు చెల్లాచెదురైన లారీలా పడుంటుంది. ఆరు ముక్కలను ఒక అక్షరంగా పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ చేస్తుంది, ఆటలు తయారుచేసే గోడో 4 ఇంజన్‌లో అది లోపలే ఉంది. పరీక్ష చేయకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు చూపించాయి, ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగక్షరం, మధ్యలో కంటికి కనపడని యూనికోడ్ గుర్తుతో, మెసేజులో వస్తే యాపులు కూలిపోయాయి. మీ పరీక్షల జాబితాలో జ్ఞా, స్త్రీ, వెంకటేశ్వర్లు అనే మూడు మాటలు చేర్చండి. పైసా ఖర్చు లేదు.

ఫోన్ల గురించి ఒక్కటే. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ మీకు తెలియకపోవచ్చు, గదిలో పెట్టిన ఫోను కూడా చెయ్యి తగిలితే వెచ్చగా ఉంటుంది. అట్లాంటప్పుడు ఆట మొదలవకముందు లాబీలోనే పాత్ర చుట్టూ మెరుపులు, పొగలు నిండు ఫ్రేముల్లో తిప్పితే, మ్యాచు మొదలయ్యేసరికి ఫోను వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మెనూలకు 30 ఫ్రేముల హద్దు పెట్టండి. 2021లో న్యూ వరల్డ్ అనే ఆట బీటాలో (విడుదలకు ముందటి పరీక్షలో) ఫ్రేముల హద్దు లేని మెనూ దగ్గర ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు కొన్ని చెడిపోయిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది.

ఇవన్నీ ఒకేసారి చేయలేరని తెలుసు. వచ్చే అప్‌డేట్‌తో ఒక పని మొదలుపెట్టండి. అప్‌డేట్ నోట్స్ మొదటి వరసలో రెండు అంకెలు విడివిడిగా రాయండి: డౌన్‌లోడ్ ఎంత, ఎక్కేటప్పుడు డిస్కులో కావాల్సిన ఖాళీ ఎంత. ఒక రోజు ముందు రాస్తే ఇంకా మేలు. ఏ సిస్టములో ఏ ఆట తీసేయాలో రాత్రి సెంటర్ మూసేముందే చూసుకుంటాం.

ఇట్లు,
నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్లలో ఆడేవాళ్లు, ఆడించేవాళ్లు, రిపేరు చేసేవాళ్లు